కుడిచేతికి వచ్చిన మెట్ట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పాలెం. దాని పేరు దిబ్బపాలెం. అక్కడ అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. కాళ్ళు ముడుచుకుని పడుకో నాన్నా, దుప్పటంతా నువ్వే లాక్కోకు. చెప్తున్నాగా.

ఆ పాలెంలో దాలమ్మ అని ఒక పిల్ల ఉండేది. అందరూ దాలీ అని పిలిచేవాళ్ళు. నీకంటే ఓ వేలెడు పొడుగు ఉంటుందేమో. నోరు మాత్రం నీకంటే మూరెడు ఎక్కువ. ఆ పిల్లకి వాళ్ళ తాత కారయ్య అంటే ప్రాణం. తాత ఎక్కడుంటే దాలి అక్కడ.

ఆ పాలెంలో పిల్లలకి ఒక కట్టుబాటు ఉండేది. ఒడ్డున ఉన్నంతసేపూ సముద్రానికి వీపు పెట్టకూడదు. పెడితే వెనకనుంచి పెద్ద కెరటం వచ్చి కాళ్ళు లాగేసుకుపోతుంది. అందుకని గుజ్జనగూళ్ళు ఆడినా, పీతల వెంటపడినా, మొహాలు మాత్రం నీళ్ళ వైపే ఉండాలి. ఎవరైనా మరిచిపోతే ఒడ్డున కూర్చున్న ముసలమ్మలు లేచి వచ్చి మరీ మొట్టికాయ వేసేవాళ్ళు. దాలి తిన్నన్ని మొట్టికాయలు ఆ పాలెంలో ఇంకెవరూ తినలేదు. తినగా తినగా అలవాటు పడిపోయింది.

అలా నీళ్ళ వైపు తిరిగి నిలబడితే దాలికి ఎడమచేతి పక్కన గుమ్మడి మెట్ట ఉండేది. మెట్ట అంటే చిన్న కొండ. గుమ్మడికాయని సగానికి కోసి బోర్లించినట్టు ఉండేది. కుడిచేతి పక్కన తాటిచెట్లు. నడుమ, ఇళ్ళ మధ్యన, సున్నం కొట్టిన అమ్మోరి గుడి. ఎడమ పక్క మెట్ట, కుడి పక్క తాటిచెట్లు, నడుమ తెల్లటి గుడి. అదీ మా ఊరు అని దాలి బుర్రలో అచ్చు పడిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఒడ్డంతా గోలగోలగా ఉంది. కవ్వళ్ళు వచ్చాయి. కవ్వళ్ళంటే గుంపుగా తిరిగే చిన్న చేపలు. ఎక్కువ దూరం కూడా పోనక్కర్లేదు, దగ్గర్లోనే నీళ్ళ మీద తళతళా మెరుస్తున్నాయి.

రోజూ కారయ్య తాతతో తెప్ప మీద మసేను వెళ్ళేవాడు. మసేను అంటే తాత కొడుకు, దాలికి నాన్న. తాత వెనక కూర్చుని తెడ్డు వేస్తే, మసేను ముందు కూర్చుని దారి చూసేవాడు. కానీ ఆ వేళ మసేను చేతికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని బూరెలా వాచిపోయింది. తెడ్డు మాట అటుంచు, అన్నం ముద్దే పట్టుకోలేకపోతున్నాడు.

"నానొక్కడినే ఎల్తాను," అన్నాడు తాత.

"ఈ ఒక్క రోజుకీ మానీ అయ్యా," అన్నాడు మసేను.

తాత వినే రకమా? తెప్ప దుంగలకి తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇంట్లోంచి తాత పెళ్ళాం పోలమ్మ వచ్చింది. దాలి ఆవిణ్ణి అవ్వా అనేది. అవ్వ కాసేపు తాతనే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఒక మాట అంది.

"ఎల్తే ఎల్లు. ఈ గుంటని కూడా ఎంట తీసుకెల్లు."

గుంట అంటే ఆ ప్రాంతంలో పిల్ల అని.

దాలి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ పాలెంలో ఆడపిల్లల్ని తెప్ప ఎక్కించరు. అందులోనూ చెప్తున్నది ఎవరు? అవ్వ. దాలి మోకాళ్ళ లోతు దాటితే జుట్టు పట్టుకుని లాక్కొచ్చే అవ్వ. ఆ అవ్వే ఇవాళ తెప్ప ఎక్కమంటోంది. ఎందుకో దాలికి అంతు పట్టలేదు. మసేనుకీ అంతు పట్టలేదు. తాత మాత్రం తాడు వదిలేసి, అవ్వ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.  మళ్ళీ తాడు అందుకున్నాడు.

అప్పుడు మసేను, ఇంకో ఇద్దరు కలిసి తెప్పని నీళ్ళలోకి తోశారు. మొదటి కెరటం దాలిని నెత్తి మీదనుంచి తడిపేసింది. రెండో కెరటం నోట్లో ఇంత ఉప్పునీళ్ళు పోసింది. మూడోది తెప్పని ఎత్తి అవతల పడేసింది. ఆ తర్వాత అంతా నెమ్మది. తెప్ప ఉయ్యాల్లా ఊగుతోంది.

కెరటాలు దాటగానే దాలికి ఒక చిక్కు వచ్చి పడింది. సముద్రానికి వీపు పెట్టకూడదు కదా. ఇటు తిరిగితే అటు సముద్రం. అటు తిరిగితే ఇటు సముద్రం. పాపం, ఆ పిల్ల దుంగ మీద కూర్చుని గిర్రుగిర్రున తిరిగింది.

"ఏటే ఆ తిరుగుడు? పడిపోతావు. కుదురుగా కూకో," అన్నాడు తాత.

దాలి కూర్చుంది. కానీ వెనకనుంచి ఎవరో మొట్టబోతున్నట్టు ఒళ్ళంతా ముడుచుకునే కూర్చుంది.

తాత వల వేశాడు. కవ్వళ్ళు పడ్డాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ పడ్డాయి. మూడోసారికి బుట్ట నిండిపోయింది. వల విసరడంలో, లాగడంలో తాత చేతులు ఎక్కడా తడబడలేదు. దాలి గర్వంగా చూసింది.

"సాల్లే, ఇంటికెల్దాం. దాలీ, మనూరు అవుపడతందా?" అని అడిగాడు తాత.

దాలి ఒడ్డు వైపు చూసింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దాలి పుట్టినప్పటినుంచీ ఒడ్డు మీదనుంచి సముద్రాన్ని చూసింది గానీ, సముద్రం మీదనుంచి ఒడ్డుని ఎప్పుడూ చూడలేదు. ఇళ్ళన్నీ చీమతలకాయలంత ఉన్నాయి. వాటి నడుమ తెల్లటి గుడి ఒకటుంది. మెట్ట ఉంది. కానీ మెట్ట కుడిచేతికి ఉంది. తాటిచెట్లు ఉన్నాయి. కానీ ఎడమచేతికి ఉన్నాయి.

దాలికి వింతగా అనిపించింది. అచ్చం మన ఊరులాంటి ఊరు ఇంకొకటి ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అనుకుంది.

"నేదు తాతా. మనూరులాగే ఉంది గానీ మనది కాదు," అంది.

"కాదా?" అన్నాడు తాత. చెయ్యి నీళ్ళలో పెట్టి చూశాడు. మొహం మీద ఎండ ఎటునుంచి తగులుతోందో చూసుకున్నాడు. "అలగైతే మనల్ని వాలు దచ్చినానికి లాగీసినట్టుంది," అని గొణిగి, తెప్పని ఉత్తరానికి తిప్పాడు. వాలు అంటే సముద్రంలో నీళ్ళ లాగుడు.

మెట్ట ఏ చేతికి ఉందే, తాటిచెట్లు ఏ చేతికి ఉన్నాయే అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగలేదు. ఎందుకడగలేదో నీకే తెలుస్తుంది, ఆగు.

అప్పుడు తెప్ప వాళ్ళ ఊరి ముందునుంచే, వాళ్ళ ఇంటి ముందునుంచే పోయింది. దాలి ఊరికే చూస్తూ కూర్చుంది. దారిలో ఒక కొబ్బరి మొద్దు తేలుతూ పక్కనుంచి పోయింది. తాత దాని వైపు తల తిప్పి, "ఓ తమ్ముడా, ఏ ఊరి తెప్పది?" అని కేకేశాడు. మొద్దు ఏం పలుకుతుంది? తాత నవ్వించడానికి అన్నాడేమో అనుకుని దాలి నవ్వింది. తాత నవ్వలేదు. దాలి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

కాసేపటికి తాత మళ్ళీ అడిగాడు. "ఇప్పుడు సూడు. మనూరు వొచ్చినాదా?"

దాలి చూసింది. ఎదురుగా మెట్ట ఒక్కటే ఉంది. దాని కింద రాళ్ళు, రాళ్ళ మీద నురుగు.

"మెట్టుంది తాతా. ఊరు నేదు," అంది.

"ఊరు నేకపోడమేటే?" అన్నాడు తాత. ఆయనకీ ఏమీ పాలుపోలేదు. అన్నేళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి, చెరువులో తప్పిపోయినట్టు అయిపోయాడు. దాలికి ఇంకో అనుమానం వచ్చింది. అన్నీ తెలిసిన తాత ప్రతిదీ నన్నెందుకు అడుగుతున్నాడు? పరీక్ష పెడుతున్నాడా? పరీక్షే అయితే తప్పు చెప్పకూడదు. అందుకని కళ్ళు చిట్లించి మరీ చూడసాగింది.

ఆ తర్వాత మెట్ట దాటింది. దాటగానే దాలి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఇప్పుడు మెట్ట ఎడమచేతికి వచ్చేసింది. కుడిచేతి పక్కన తాటిచెట్ల వరస ఉంది. నడుమ తెల్లగా ఏదో కనిపిస్తోంది.

"వొచ్చేసినాది తాతా. ఇదే మనూరు," అంది.

తాత చెవి ఒగ్గి విన్నాడు. "కెరటం సప్పుడు వేరేగుందేటే?" అన్నాడు. అయినా పిల్ల అంత గట్టిగా చెప్తోంది కదా అని తెప్పని ఒడ్డుకి పోనిచ్చాడు.

ఒడ్డున ఒకావిడ ఇసక మీద చేపలు ఎండబెడుతోంది. తాత తెప్ప దిగి, ఇసకలో నాలుగడుగులు వేసి, ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఓలే పోలీ, మంచినీళ్ళు తే. నాలిక పిడచకట్టుకుపోతంది," అన్నాడు.

ఆవిడ చేపలు వదిలేసి లేచి నిలబడింది. ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంది. తల నల్లగా ఉంది. దాలి వాళ్ళ అవ్వేమో పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, తల ముగ్గుబుట్టలా ఉంటుంది.

"నానెవుల్ననుకున్నావు అన్నా?" అంది ఆవిడ.

ఆ గొంతు వినగానే తాత రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎండ కళ్ళల్లో పడినాదమ్మా, పోల్చుకోనేకపోనాను," అన్నాడు.

దాలి పైకి చూసింది. పొద్దింకా నడినెత్తికి రాలేదు. ఎండ తాత వీపు మీద పడుతోంది.

అప్పుడు దాలికి తెలిసింది. తాతకి కళ్ళు కనిపించడం లేదు. తాత పరీక్ష పెట్టలేదు. మెట్ట ఏ చేతికుందని అడిగితే గుట్టు బయటపడుతుందని అడగలేదు. ఇన్నాళ్ళూ నాన్న ముందు కూర్చుని దారి చెప్తుంటే ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు. అవ్వ తనని ఎందుకు పంపిందో కూడా దాలికి అప్పుడే తెలిసింది.  చూడమని పంపితే ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని చెప్పింది కదా.

చూపు లేని మనిషిని పిల్లనిచ్చి సముద్రం మీదకి పంపడానికి ఆ అవ్వకి బుద్ధుందా అంటావు నువ్వు. నేనూ అదే అంటాను. కానీ పదిమందిలో మొగుడికి కళ్ళు లేవని అనలేకపోయింది పాపం.

ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు తాత చేతికి తగిలేదాకా ముందుకు పెట్టి ఇచ్చింది. 

"అత్తా, ఇది దిబ్బపాలెం కాదేటి?" అంది దాలి చిన్న గొంతుతో.

"దిబ్బపాలెం మెట్టకి ఆ పక్క. దాటుకొచ్చీసినారు."

"మా మెట్ట ఎడంచేతికుంటాది. ఈ మెట్టా ఎడంచేతికే ఉంది కదా," అంది దాలి.

"ఎడంచెయ్యేటి, కుడిచేతికి కదా ఉంది," అంది ఆవిడ.

దాలి తన ఎడమచెయ్యి చాపి మెట్టని చూపించింది. ఆవిడ తన కుడిచెయ్యి చాపి మెట్టని చూపించింది. రెండు చేతులూ ఒకే మెట్ట వైపు ఉన్నాయి. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. దాలికి ఏడుపొచ్చేసింది. ఊరు పోయింది, తాత కళ్ళు పోయాయి, ఇప్పుడు కుడీ ఎడమా కూడా పోయాయి.

"ఏడవకు. ఇలగొచ్చి నా పక్కన నిల్సో," అంది ఆవిడ.

దాలి వెళ్ళి ఆవిడ పక్కన, నీళ్ళ వైపు మొహం పెట్టి నిలబడింది. మెట్ట కుడిచేతికి వచ్చేసింది. ఇళ్ళ వైపు తిరిగింది. ఎడమచేతికి పోయింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ మారింది. మెట్ట ఎక్కడిదక్కడే ఉంది. తిరుగుతున్నది దాలి.

నువ్వూ చూడు. వెల్లకిలా పడుకున్నావు కదా, గోడ నీకు ఏ చేతికి ఉంది? కుడిచేతికి. ఇప్పుడు బోర్లా తిరుగు. ఏ చేతికి వచ్చింది? ఎడమచేతికి. గోడ కదిలిందా? లేదు కదా. చాలు చాలు, ఇంక దొర్లకు, వచ్చే నిద్ర కాస్తా పోతుంది.

అప్పుడు దాలి లెక్క సరిచేసుకుంది. ఒడ్డు మీదనుంచి ఎడమచేతికి ఉండే మెట్ట, నీళ్ళ మీదనుంచి కుడిచేతికే కనిపించాలి. పొద్దున తను కాదు పొమ్మన్న ఊరే వాళ్ళ ఊరు. ఇంటి ముందునుంచే వెళ్ళిపోయారు.

మళ్ళీ తెప్ప ఎక్కారు. ఈసారి దాలి ముందు కూర్చుని, తాత అడగకుండానే అన్నీ చెప్పుకుంటూ వచ్చింది. మెట్ట ఎదురుగా వచ్చింది తాతా. ఇప్పుడు కుడిచేతికి జరిగింది తాతా. రాళ్ళు దగ్గరకొచ్చాయి, కొంచెం ఎడంగా పోనీ తాతా. తాత ఆ మాటల్ని పట్టుకుని తెడ్డు వేశాడు. రాళ్ళు దాటాక అడిగాడు.

"నీకెప్పుడు తెలిసినాదే?"

"ఆవిడ్ని అవ్వ పేరెట్టి పిలిసినావు కదా తాతా."

తాత తెడ్డు ఆపాడు. ఆ తర్వాత చెప్పాడు. కళ్ళలో పువ్వు పడి చాలా రోజులైంది. ముందు దూరం పోయింది, ఆ తర్వాత మనుషుల మొహాలు పోయాయి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ లేవు. ఇప్పుడైతే ఆపరేషన్ చేసి ఆ పువ్వు తీసేస్తున్నారు. ఆ రోజుల్లో ఆ పాలేనికి కళ్ళ డాక్టరన్నవాడే రాలేదు.

"ఇంట్లో సెప్పకే దాలీ. తెలిస్తే నన్ను తెప్పెక్కనివ్వరు. తెప్పెక్కకుండా ఒడ్డున కూకుంటే నాను బతకనేనే," అన్నాడు.

దాలికి పెద్ద చిక్కే వచ్చి పడింది. చెప్తే తాతని ఒడ్డున కూర్చోబెట్టేస్తారు. చెప్పకపోతే రేపు మళ్ళీ ఒక్కడే బయలుదేరతాడు. మెట్ట ఎక్కడుందో ఎవరు చెప్తారు? తాత మీద ప్రేమ ఉంటే చెప్పకూడదు. తాత మీద ప్రేమ ఉంటే చెప్పాలి. ఇందాకటి చిక్కు అటూ ఇటూ తిరిగి చూస్తే విడిపోయింది. ఇది ఎటు తిరిగినా విడలేదు. ఆ పిల్ల ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు.

అంతలో దిబ్బపాలెం వచ్చేసింది. కుడిచేతికి మెట్ట, ఎడమచేతికి తాటిచెట్లు, నడుమ తెల్లటి గుడి. ఇళ్ళు చీమతలకాయలంత ఉన్నవి గుమ్మడికాయలంత అయ్యాయి. ఒడ్డున జనం గుంపుగా నిలబడి ఉన్నారు. తెప్ప ఇసక తాకకముందే మసేను నడుంలోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి దాలిని ఎత్తుకుని ఒడ్డున దించాడు. అవ్వ మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

"పొద్దున మనూరి ముందరనుంచే ఎల్లిపోనారు. ఎంత పిలిసినా ఆగనేదు. ఏటైనాదే దాలీ?" అని అడిగాడు మసేను.

అందరూ దాలి వైపే చూస్తున్నారు. దాలి నోరు తెరిచింది.  మూరెడు నోరున్న పిల్ల, ఒక్క మాట రాక తాత వైపు చూసింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

తాతకి ఆ నీళ్ళు కనిపించవు కదా. చెయ్యి చాపి దాలి కోసం తడిమాడు. భుజం దొరికింది. భుజం గజగజా వణుకుతోంది. చేత్తో భుజాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఎంత నలిగిపోతోందో ఆయనకి అప్పుడు తెలిసింది.

"దాన్నడగొద్దు," అన్నాడు తాత. "మసేనూ, ఈ తెడ్డందుకో. నాకు కళ్ళవుపడవు. శానా రోజులైనాది. ఈ గుంట సెప్పబట్టి ఒడ్డుకి సేరినాను."

 మసేను బాగున్న చేత్తో తెడ్డు అందుకున్నాడు. అప్పుడు అవ్వ దగ్గరకొచ్చింది.

"నాకు తెల్సు," అంది.

"నీకెలగ తెల్సు?" అన్నాడు తాత.

"పోయిన ఎండాకాలం కాడ్నుంచి నువ్వు తినే సేపల్లో నీకు ముల్లు తగిలినాదేటి?"

తాత ఆలోచించాడు. కవ్వళ్ళంటే ఒళ్ళంతా ముళ్ళే. అయినా ఒక్కటీ తగల్లేదు.

"తగల్నేదు," అన్నాడు.

"మరెవులు తీస్తన్నారు?" అంది అవ్వ. ఆ మాట అనేసి మొహం పక్కకి తిప్పేసుకుంది. "నీ అంతట నువ్వే సెప్తావని సూస్తన్నాను. నువ్వా సెప్పవు. నానెలగ అడుగుతాను?"

అదే ఆఖరు. ఆ తర్వాత కారయ్య తాత ఎప్పుడూ తెప్ప ఎక్కలేదు. ఏడ్చాడా అంటావా? ఏడ్చాడు. ఇంటి వెనక వలల మధ్య కూర్చుని, ఎవరూ రాలేదనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దాలి వెళ్ళి పక్కన కూర్చుంది.  

ఆ రోజు పొద్దుగూకేవేళ అవ్వ కవ్వళ్ళ పులుసు పెట్టింది. అందరూ అన్నాలకి కూర్చున్నారు. రోజూలాగే అవ్వ తాత కంచం తీసుకుని పొయ్యి వెనక్కి వెళ్ళబోయింది. రోజూ అక్కడే, ఎవరికీ కనపడకుండా, దీపం దగ్గర పెట్టుకుని ముళ్ళు తీసేది. తాత గాజుల చప్పుడు విన్నాడు. చెయ్యి చాపి అవ్వ చీర కొంగు పట్టుకున్నాడు.

"ఇంక సాటుగా ఎందుకే?" అన్నాడు. "ఇలగ నా పక్కన కూకుని తియ్యి."

అవ్వ కూర్చుంది. కంచం ఇద్దరి మధ్యా పెట్టుకుని, ఒక్కొక్క ముల్లే తీసి, ఒక్కొక్క ముద్దే తాత చేతిలో పెట్టింది.

కథ నడిచింది కంచికి,
తెప్ప వచ్చింది ఒడ్డుకి,
తాత చేరాడు ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.